ఖాతా పుస్తకంలో బెల్లం

మొన్న డిసెంబరులో ఆఫీసు పని మీద నలుగురం కారులో విశాఖ వెళ్తూ, హైవే పక్కన కొత్తగా పెట్టిన ఒక హోటల్లో భోజనానికి ఆగాం. బయట పెద్ద బోర్డు, 'ఉత్తరాంధ్ర ఇంటి వంట' అని. లోపల గోడకి చేటలు వేలాడదీశారు. ఒక మూల తిరగలి పెట్టి దాని మీద ప్లాస్టిక్ పూలు చల్లారు. అరిటాకులో ఆవపెట్టిన పనసపొట్టు, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, నువ్వుపొడి, పెరుగు మిరపకాయలు వడ్డించారు. వంట బాగుంది, వంక పెట్టడానికేమీ లేదు.

మాతో వచ్చిన గుంటూరు మేడం పులుసు నోట్లో పెట్టుకుని, "మీ వైపు వాళ్ళు అన్నిట్లోనూ బెల్లం వేస్తారని విన్నాను, నిజమేనన్నమాట" అన్నారు. ఆ మాటతో నాకెక్కడ లేని ప్రాంతాభిమానం తన్నుకొచ్చింది. బెల్లం తీపి కోసం కాదండీ, చింతపండు పులుపు విరవడానికి. కారం, పులుపు, ఉప్పు ఒకదాన్నొకటి మింగేయకుండా మధ్యలో పెద్దమనిషిలా కూర్చుంటుంది అని పది నిమిషాలు చెప్పాను. డ్రైవర్ కూడా తల ఊపాడు. నా మాటలకి నాకే ముచ్చటేసింది.

తిరుగు ప్రయాణంలో, ఆనందపురం దాటాక, ఒక ప్రశ్న పట్టుకుంది. మా ఇంట్లో బెల్లం పులుసు నేను మొదటిసారి ఎప్పుడు తిన్నాను? ఎంత ఆలోచించినా చిన్నప్పటి జ్ఞాపకం ఒక్కటీ రాలేదు. అంబలి గుర్తొచ్చింది, ఉలవచారు గుర్తొచ్చింది, నెత్తళ్ళనే చిన్న చేపల పులుసైతే వాసనతో సహా గుర్తొచ్చింది. బెల్లం పులుసు మాత్రం విజయనగరం వచ్చాక, ఉద్యోగంలో చేరాక తిన్నదే. మరి నేను అంత ధీమాగా ఎవరింటి వంటని వెనకేసుకొచ్చినట్టు?

ట్రంకు పెట్టెలో దొరికింది

మాది రాజాం దగ్గర పల్లెటూరు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. పుట్టింది శ్రీకాకుళం జిల్లా అని రాయాలో, విజయనగరం జిల్లా అని రాయాలో ఫారం నింపినప్పుడల్లా నాకు సందేహమే.) సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు భూమి కాగితాల కోసం నాన్న ట్రంకు పెట్టె తీశాం. అడుగున, పాత రేషన్ కార్డు కింద, ఒక పొడుగు పుస్తకం కనిపించింది. కొట్లో అరువు తెచ్చినప్పుడు రాయించుకునే ఖాతా పుస్తకం. 1981 చివర మొదలై 1984 సంక్రాంతి దాకా ఉంది.

కాగితాల పని పక్కనపెట్టి ఆ మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని అదే చదివాను. ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టె, పసుపు కొమ్ములు, ఎండుమిర్చి, బట్టల సబ్బు. మళ్ళీ ఉప్పు, కిరసనాయిలు. వారానికోసారి చుట్టలు. మా నాన్నమ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోట్లోపలికి పెట్టుకుని. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళలో అదేమీ వింత కాదు. ఆవాలు పావలావి అని ఎక్కడో ఒకచోట. ఇంగువ ఒక్కసారి కూడా లేదు.

పని కట్టుకుని బెల్లం వెతికాను. రెండేళ్ళ పైచిలుకు లెక్కలో ఏడంటే ఏడుసార్లు ఉంది. మూడు సంక్రాంతులకి మూడు. ఉగాదులకి రెండు. ఇంకొకటి 82 వేసవిలో, ఏకంగా రెండు కిలోలు, పక్కనే నువ్వులు కూడా రాసి ఉన్నాయి. మా పొలంలో నువ్వులు పండుతుంటే కొన్నారెందుకా అనుకుని అప్పని (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం) అడిగితే, ఫోన్లోనే సిగ్గుపడి నవ్వింది. అది అప్ప సమర్తాడిన నెల. చిమ్మిలి దంచి ఊరంతా పంచారు, ఇంట్లో నువ్వులు చాలలేదు. ఏడోది 83 వానాకాలంలో, బెల్లం, శొంఠి, మిరియాలు. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకి కాయం చేయడానికి.

పులుసు కోసం తెచ్చిన బెల్లం ఆ పుస్తకంలో లేదు.

నాకే ఒక అనుమానం వచ్చింది. ఖాతాలో ఉండేది అరువు తెచ్చిన సరుకే కదా. రొక్కం పెట్టి కొన్నది, ఇంట్లో పండింది, ఎవరో ఇచ్చింది అందులోకి ఎలా వస్తుంది? మా వైపు చెరుకు లేకపోలేదు, సంకిలిలో చక్కెర ఫ్యాక్టరీయే ఉంది. బెల్లం వండేచోటి నుంచి ఎవరైనా ఒక దిమ్మ తెచ్చి ఉండొచ్చుగా? ఆ సంగతి తెలిసిన మనిషి లోపల చేటలో బియ్యం చెరుగుతోంది. వెళ్ళి అడిగాను.

"బెల్లవా? పులుసులోకా?" అంది అమ్మ, చెరగడం ఆపకుండా. "పిడతలో పెట్టి అటక మీదెట్టీవోళ్ళం. మీరు గుంటలు, చూస్తే ఉంచీవోరేటి? పులుసులో ఏసుకుని తినే భోగం మాకేదే?"

"మరి ఇప్పుడు వేస్తున్నావు కదా?"

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "ఏదా... అందరూ ఏస్తన్నారు కదేటి. టీవీలో కూడా ఏస్తన్నారు."

నేను చెప్పదలచుకున్నదంతా అమ్మ ఆ రెండు మాటల్లోనే ఉంది. ఉత్తరాంధ్ర వంట పేరుతో ఇవాళ బోర్డుల మీద, వీడియోల్లో కనిపిస్తున్నది కొన్ని ఇళ్ళ వంట. బెల్లం, ఇంగువ, ఆవ రోజువారీ సరుకుగా ఉన్న ఇళ్ళది. ఆ ఇళ్ళూ మావే, ఆ రుచీ నాకిష్టమే. నా పేచీ ఆ బోర్డు మీద 'ఇంటి' అన్న మాటతో. ఎవరింటి?

అయ్యకోనేరు గట్టు మీద ఆవ

ఆ ఇళ్ళ మీద నాకేదో కోపం ఉందనుకుంటారేమో, లేదు. నాకు ఆవ పెట్టడం నేర్పింది అలాంటి ఇల్లే. 1998లో ఉద్యోగంలో చేరి విజయనగరం వచ్చినప్పుడు అయ్యకోనేరు గట్టు దగ్గర ఒక పాత పెంకుటింట్లో వెనక వాటా అద్దెకి తీసుకున్నాను. ఇంటావిడకి అప్పటికే డెబ్భై ఉంటాయి. శాకాహారులు. మామ్మగారూ అని పిలిచేదాన్ని.

మాఘమాసంలో ఒకరోజు బజారు నుంచి పనసపొట్టు తెప్పించి, "అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో, చూస్తే గానీ రాదిది" అన్నారు. పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడకబెట్టి, నీళ్ళు వార్చి, గుప్పిళ్ళతో గట్టిగా పిండారు. ఎండుమిర్చి, మినప్పప్పు, సెనగపప్పు, కరివేపాకు, ఇంగువతో తాలింపు వేసి, అందులో పొట్టు కలిపి, చిక్కటి చింతపండు గుజ్జు పోసి మగ్గనిచ్చారు. నాలుగు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ఆవాలు, రవ్వంత ఉప్పు అంతకుముందే నానేసి ఉంచారు. రోట్లో వాటిని నూరుతుంటే గుమ్మం దగ్గర కూర్చున్న నాకు కళ్ళు మండాయి. నూరిన ముద్ద తీసుకుని ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. కూర దించి, గిన్నె మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంకా ఉంది వేడి" అని నన్ను కబుర్లలో పెట్టారు. పావుగంట పోయాక ఆవముద్ద, రెండు చెంచాల పచ్చి నూనె వేసి చేత్తో కలిపారు.

ఎందుకలాగో చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలినప్పుడే రెండూ కలిసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే తాలింపులో చిటపటలాడిన ఆవాలు ఎన్ని నమిలినా ముక్కు అదరదు. పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోయే రకమే, వేడి కూరలో కలిపితే గాలిలో కలిసిపోతుంది. మామ్మగారికి ఈ పేర్లేవీ తెలియవు. గిన్నె మీద చెయ్యి పెట్టి చూడటం తెలుసు. హోటల్లో నేను తిన్న పనసపొట్టులో ఘాటు లేకపోవడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది. అంతమందికి పొగలు కక్కేలా వడ్డించాలంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

అదే ఇంట్లో ఇంకోటి జరిగింది. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. సంచిలో చోడిపిండి, ఉలవలు, తెలగపిండి. అడుగున హార్లిక్స్ సీసా నిండా ఎండు నెత్తళ్ళు, మూతకి పాలిథిన్ కవరు కట్టి, పైన న్యూస్ పేపరు చుట్టి, దారంతో బిగించి. "రాత్రిపూట ఏపుకో, తలుపేసీసుకుని" అని గుసగుసగా చెప్పి వెళ్ళిపోయింది. నేనింకా మూత కూడా తీయలేదు. మర్నాడు పొద్దున్నే మామ్మగారు వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కోపం లేదు, గొంతు పెంచలేదు. "అమ్మాయ్, మాకు ఆ వాసన పడదమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు. నేనూ ఏమీ అనుకోలేదు, అసలు సిగ్గుపడ్డాను. ఆఫీసుకి పట్టుకెళ్ళి అటెండరుకిచ్చేశాను. అతను ఎంత సంబరపడ్డాడో! తర్వాత ఊరెళ్ళినప్పుడు అమ్మ అడిగింది, "నెత్తళ్ళు అయిపోయాయా?" అని. అయిపోయాయన్నాను. "ఇంకో సీసా కట్టనా?" అంది. వద్దన్నాను, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని ఒక అబద్ధం కూడా ఆడాను. అప్పటికి నాకు పాతికేళ్ళు కూడా లేవు!

అద్దె ఇంటి ఓనరుకి తన ఇంట్లో ఏ వాసన ఉండాలో చెప్పే హక్కుంది. నాకు గుచ్చుకునేది వేరే. ఒకే ఇంట్లో ముందు గది సరుకు పాతికేళ్ళ తర్వాత బోర్డెక్కింది. వెనక గది సరుకు న్యూస్ పేపర్లోనే ఉండిపోయింది. రెండూ ఈ నేల మీది తిండే.

లేక తిన్నవి

మా ఇంట్లో డబ్బాలుండేవి కావు. కుండలు, తట్టలు, గాదె. గాదెలో ధాన్యం ఉండేది గానీ అందులో చాలావరకు అమ్మకానికే. తినడానికి చోళ్ళు, గంటెలు. రాగులు, సజ్జలు అంటే మా నాన్నమ్మకి తెలిసేది కాదు. చోడిపిండి రాత్రి నీళ్ళలో కలిపి పులియబెట్టి, పొద్దున్న నూకలు ఉడుకుతుండగా పోసి కాచి, చల్లారాక మట్టిదాకలో ఉంచేవారు. పొలం వెళ్ళేవాళ్ళకి అదే, బడికెళ్ళే మాకూ అదే. నంజుకి ఉల్లిపాయ, లేదంటే నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఉలవలు ఉడికించి గింజలు ఎడ్లకి పెట్టి, ఆ కట్టుతో మేం చారు కాచుకునేవాళ్ళం. గానుగలో నువ్వులాడించాక మిగిలే తెలగపిండి కూడా అంతే, సగం గేదెకి, సగం మాకు. మునగాకు వేసి వండితే ఆ కూరకి సాటి లేదంటాను. పాలు పడతాయని బాలింతలకి పెట్టేవారు. ఎండుచేపలామె గంపతో వస్తే డబ్బులిచ్చేవాళ్ళం కాదు, చోళ్ళు కొలిచి పోసేవాళ్ళం. అందుకే ఆ చేపలూ ఖాతాలోకి ఎక్కలేదు.

ఇలా రాస్తుంటే అదేదో బంగారు కాలంలా కనబడుతోంది. కాదు. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక మా ఊళ్ళో అంబలి దాక ఎంత తొందరగా మూల పడిందో నాకు గుర్తుంది. ఎవరూ ఏడవలేదు. మూడు పూటలా తెల్లన్నం అంటే మాకు పెళ్ళిభోజనం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఆ ఏడాదే అమ్మకి షుగరని తేలితే డాక్టరు అన్నం తగ్గించి రాగిజావ తాగమన్నాడు. నేను విజయనగరంలో సూపర్ మార్కెట్ నుంచి అందమైన ప్యాకెట్ తెచ్చిచ్చాను. వెనక్కి తిప్పి ధర చూసి, "చోళ్ళకా ఇంత?" అని, కాసేపాగి, "అప్పుడు నేక తిన్నాం, ఇప్పుడు ఉండి తింటన్నాం" అంది. నాకు ఆ వాక్యంలో నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తేలలేదు.

జీడిపప్పు సంగతి కూడా ఒక్క మాట. మా పెద్దత్తది ఉద్దానం వైపు. పలాస జీడిపప్పు దేశమంతా వెళ్తుంది, హోటల్ మెనూల్లో ఉత్తరాంధ్ర అనగానే జీడిపప్పు కూర ఉంటుంది. అత్తావాళ్ళ వీధిలో ఆడవాళ్ళంతా పొద్దస్తమానం పప్పు ఒలిచేవాళ్ళే, జీడి రసానికి వేళ్ళు నల్లబడి ఉండేవి. వాళ్ళింట్లో పాయసంలో నేనెప్పుడూ గుండు పప్పు చూడలేదు. విరిగిన ముక్కలుండేవి, అదీ పండక్కి.

గుంటూరు మేడం జవాబు

ఇదంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర మేడంకి చెప్పాను, బెల్లం గురించి ఆరోజు చెప్పింది వెనక్కి తీసుకుంటున్నానని కూడా. ఆవిడ గట్టిగా నవ్వారు. "మా ఇంట్లో రోజూ గోంగూర పచ్చడి, కోడిమాంసం ఉండేవనుకుంటున్నారా? మా అమ్మ పచ్చిమిరపకాయ, ఉప్పు నూరి పెడితే అన్నంలో అదే. హోటలంటే ఎక్కడైనా పండగ వంటే. అంబలికి రెండొందలు పెట్టమంటే మీరే పెట్టరు."

ఇది గట్టి మాట. రెండ్రోజులు దీన్నే నములుతూ తిరిగాను. నిజంగానే ఆ హోటల్లో అంబలి, కాల్చిన చేప పెడితే నేను ఆగేదాన్నా? ఆగినా, గుంటూరు మేడం ముందు అది మాదని చెప్పుకునేదాన్నా? హార్లిక్స్ సీసా అటెండరుకిచ్చినదాన్ని నేనే కదా. బోర్డు రాసినవాడికంటే ముందు నా వంటింట్లోంచి వాటిని తీసేసింది నేను. ఇంగువ డబ్బా కొన్నది నేను. అమ్మకి పులుసులో బెల్లం వేసి చూపించింది కూడా బహుశా నేనే, నెపం టీవీ మీద పడింది.

అయినా మేడం మాటకి పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. పండగ వంట అంటే సరే, మా ఊళ్ళో పండగంటే అరిసెలు, పొంగడాలు, కోడి కూర. బెల్లం పులుసు మా పండగ వంట కూడా కాదు. అది ఇంకొకరి మామూలు రోజు. ఒకరి మామూలు రోజుని అందరి సంప్రదాయం అని రాస్తే, మిగతావాళ్ళ పిల్లలు తమ ఇంట్లో తిన్నది ఏ లెక్కలోకీ రాదని అనుకుంటారు. మా తమ్ముడి కూతురు హైదరాబాదులో కాలేజీలో చదువుతోంది. హాస్టల్లో స్నేహితులకి చూపించాలి, 'మన ఒరిజినల్ వంట' ఒకటి చెప్పమని నన్నడిగింది. నేనేదో చెప్పేలోగా తనే, "ఆవ పెట్టిందే కదా అత్తా?" అంది. తెలగపిండి అంటే ఏమిటో ఆ పిల్లకి తెలీదు.

అసలు ఒరిజినల్ అనేదాన్ని తవ్వుకుంటూ పోతే మిరపకాయ కూడా మిగలదు. పోర్చుగీసువాళ్ళు తెచ్చేదాకా ఈ దేశంలోనే లేదది. అన్ని ఇళ్ళకీ ఉమ్మడిగా ఉన్నవేమిటని ఆలోచిస్తే నాకు రెండే తడుతున్నాయి. సముద్రం వైపు నుంచి ఉప్పు, కొండల వైపు నుంచి చింతపండు. నౌపడా కొటార్ల రాళ్ళుప్పు మామ్మగారి జాడీలోనూ ఉండేది, మా నాన్నమ్మ కుండలోనూ ఉండేది. సీతంపేట, సాలూరు సంతల్లోంచి దిగే చింతపండూ అంతే. ఇప్పుడు ఉప్పు ప్యాకెట్లో వస్తోంది, అది ఎక్కడిదో చూడాలంటే నాకు కళ్ళజోడు కావాలి.

ఉగాది ముందు

మార్చిలో మళ్ళీ ఊరెళ్ళాను. పెరట్లో పనసచెట్టు లేతకాయలు వేసింది. ఆవ పెడతానన్నాను. అమ్మ ఎప్పుడూ తినలేదట, ఆశ్చర్యం. కాయ కొట్టడం ఆవిడ పని. కత్తికి, చేతులకి నూనె రాసుకుని గంటసేపు సన్నగా తరిగింది. మామ్మగారు చూపించినట్టే ఉడకబెట్టి, పిండి, తాలింపు వేశాను. ఇంట్లో ఇంగువ లేదు. మిక్సీలో నూరితే వేడెక్కుతుందని రోలు కడిగి ఆవ నూరాను. గిన్నె మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంకా ఉంది వేడి" అంటుంటే నా గొంతు నాకే మామ్మగారి గొంతులా వినబడింది.

కలిపాక అమ్మ చిటికెడు నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని, తెరిచింది.

"ఏటే ఇది, నెత్తికెక్కీసింది!"

"బాగులేదా?"

"బాగునేదని ఎవలన్నారు?" అంటూ లేచి, అటక మీద చెయ్యి పెట్టి ఒక డబ్బా దించింది. ఎండు రొయ్యలు. గుప్పెడు తీసి, తలలు తుంచి, మూకుడులో నూనె లేకుండా వేయించి, అరచేతుల మధ్య నలిపి గిన్నెలో పోసింది. నేను అబ్బో అనేలోపే చేత్తో కలిపేసింది.

తిన్నాం ఇద్దరం. ఆవ ముక్కుని పట్టుకుంటే, రొయ్య నాలుక వెనక నిలబడింది. పొట్టు మధ్యలో కరకర. నేను రెండోసారి పెట్టించుకున్నాను. అప్పుడే, అన్నం కలుపుకుంటూ, ఆ నెత్తళ్ళ సీసా సంగతి చెప్పేశాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. "నాకు తెల్దేటి? నువ్వు తిన్నావంటే సీసా తిరిగిచ్చీదానివి" అంది. "మంచి సీసా అది."